అన్నల నేరానికి తమ్ముడికి బోను

2006 అక్టోబరు రెండో వారం. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం, మయామీ నగరం. సర్క్యూట్ కోర్టు న్యాయమూర్తి రొనాల్డ్ ఫ్రీడ్‌మన్ తన గదిలో ఒక వీడియో గేమ్ చూడబోతున్నారు. కంట్రోలర్ పట్టుకుని ఆడి చూపించడానికి కంపెనీ మనిషి వచ్చాడు. గేమ్ పేరు ‘బుల్లీ’. దుకాణాలకు రావడానికి ఇంకా వారం కూడా లేదు. అది పిల్లల చేతికి వెళ్లవచ్చా, కూడదా అన్నది ఇప్పుడు ఆయన చేతిలో ఉంది.

పిటిషన్ వేసిన లాయరు జాక్ థాంప్సన్. 1990లో ర్యాప్ పాటల్లో అశ్లీలం మీద పోరాడి పేరు తెచ్చుకున్న మనిషి. తర్వాత వీడియో గేమ్‌ల వెంట పడ్డాడు. బళ్లో వేధింపులు, కొట్లాటలే కథగా వస్తున్న ఈ గేమ్ ప్రజలకు చేటని ప్రకటించాలనీ, అమ్మకానికి ముందే దాన్ని పరిశీలించాలనీ ఆయన కోరాడు. దానికి ఆయన పెట్టిన పేరు వింటేనే ఒళ్లు జలదరిస్తుంది: కొలంబైన్ మారణకాండకు కసరత్తు. 1999 ఏప్రిల్‌లో కొలరాడో రాష్ట్రంలోని కొలంబైన్ హైస్కూల్లో ఇద్దరు విద్యార్థులు తుపాకులతో 13 మందిని బలి తీసుకున్నారు. ఏడేళ్లయినా ఆ గాయం పచ్చిగానే ఉంది. పిల్లల్ని బడికి పంపే తల్లిదండ్రుల భయాన్ని నేను తేలిగ్గా తీసుకోలేను. మయామీ-డేడ్ పాఠశాలల బోర్డు సైతం ఆ ఏడాది మొదట్లోనే ఈ గేమ్‌ను మైనర్లకు అమ్మవద్దని దుకాణాలను కోరుతూ తీర్మానం చేసింది.

చిక్కు ఒక్కటే. తీర్మానం చేసినవాళ్లూ, పిటిషన్ వేసినవాళ్లూ అప్పటికి ఆ గేమ్ ఆడలేదు. ఆడే వీలే లేదు, అది ఇంకా బయటికి రాలేదు. మరి అంత నమ్మకం ఎక్కడిది? ఇంటి పేరు నుంచి వచ్చింది.

ఆ ఇల్లు రాక్‌స్టార్ గేమ్స్. యజమాని టేక్-టూ కంపెనీ. ‘గ్రాండ్ తెఫ్ట్ ఆటో’ వరుసను తెచ్చేది వీళ్లే. మన ఊళ్ల నెట్ సెంటర్లలో గంటల లెక్కన డబ్బులు కట్టి కుర్రాళ్లు ఆడిన ‘వైస్ సిటీ’ ఆ వరుసలోదే. 2003లో వచ్చిన ‘మ్యాన్‌హంట్’ మరీ దారుణం. వెనకనుంచి వచ్చి మనుషుల్ని చంపడమే అందులో పని, దాన్ని న్యూజిలాండ్ నిషేధించింది. ఇక 2005 వేసవిలో ‘శాన్ ఆండ్రియాస్’ కొంప ముంచింది. ఆట లోపల దాచి వదిలేసిన ఒక శృంగార ఘట్టాన్ని ఔత్సాహికులు బయటికి లాగారు. రేటింగు సంస్థ దాన్ని ‘పెద్దలకు మాత్రమే’ వర్గంలోకి నెట్టేసింది. దుకాణాలు గేమ్‌ను అరల్లోంచి తీసేశాయి. హిల్లరీ క్లింటన్ విచారణ జరపాలన్నారు. అదే ఏడాది అదే ఇంటి నుంచి ‘బుల్లీ’ ప్రకటన వెలువడింది. కొత్తగా బళ్లో చేరిన పిల్లవాణ్ణి చూసి మేష్టారు, ‘ఫలానావాడి తమ్ముడివా, అయితే వెనక బెంచీలో కూర్చో’ అన్నట్టు అయింది దాని పని.

బోనులో నిలబడ్డ ఆ తమ్ముడి సంగతి చూద్దాం. గేమ్ ఎవరు మొదలుపెట్టినా తెర మీద మొదట వచ్చేది ఒక కారు. వెనక సీట్లో పదిహేనేళ్ల జిమ్మీ హాప్‌కిన్స్. తల గొరిగించుకుని ముఖం ముడుచుకుని ఉంటాడు. ముందు సీట్లో తల్లి, ఆమె కొత్త భర్త. వాళ్లు ఏడాది పాటు హనీమూన్‌కు వెళుతూ కుర్రాణ్ణి బుల్‌వర్త్ అకాడమీ అనే బోర్డింగ్ స్కూలు గేటు దగ్గర దింపేస్తారు. ఆ బడి నినాదం లాటిన్‌లో ‘కానిస్ కానెమ్ ఎడిట్’, కుక్కను కుక్కే తింటుంది అని. ప్రిన్సిపాల్ క్రాబుల్‌స్నిచ్ నీతులు చెబుతాడు. బయట మైదానంలో ఏం జరుగుతోందో ఆయనకు పట్టదు. హాస్టలు చేరేలోపే జిమ్మీ మీద దాడి.

ఆ బళ్లో ముఠాలు ఉంటాయి: డబ్బున్న ఇళ్ల పిల్లలు, తోలు జాకెట్ల గ్రీజర్లు, పుస్తకాల పురుగులు, ఆటగాళ్లు, ఎవరూ చేర్చుకోని రౌడీలు. బయట ఊళ్లో బడి లేని కుర్రాళ్ల ముఠా మరొకటి. గ్యారీ అనే తెలివైన దుర్మార్గుడు స్నేహం నటిస్తూ జిమ్మీని వీళ్లందరి మీదికి ఉసిగొల్పుతాడు. రౌడీల నాయకుడు రస్సెల్‌ను జిమ్మీ ఓడిస్తాడు. ఓడించి ఏమంటాడు? ఇకమీదట చిన్నవాళ్ల జోలికి వెళ్లనని మాట ఇవ్వమంటాడు. పేరు వేధింపులది, కథ వేధించేవాళ్లకు ఎదురు నిలిచినవాడిది.

తుపాకీ లేదు. నెత్తురు చుక్క లేదు. ఉండేలు ఉంది, గోళీలు ఉన్నాయి, దురదపొడి, కంపు బాంబులు, టపాకాయలు ఉన్నాయి. పొద్దున ఒక క్లాసు, మధ్యాహ్నం ఒక క్లాసు. ఎగ్గొట్టి తిరిగితే ప్రిఫెక్టులు, అంటే బళ్లో క్రమశిక్షణ చూసే పెద్ద విద్యార్థులు, తరుముకుంటూ వచ్చి చెవి పట్టుకుని లాక్కుపోయినంత పని చేస్తారు. రాత్రి రెండు దాటితే జిమ్మీ నిద్ర ఆపుకోలేక ఉన్నచోటే కూలబడతాడు.

అన్నలతో అసలైన పోలిక ఇక్కడే ఉంది, దాన్ని సరిగ్గా చూసినవాళ్లు తక్కువ. ‘వైస్ సిటీ’, ‘శాన్ ఆండ్రియాస్’ ఏ ఇంజిన్ మీద నడిచాయో ఆ రెండర్‌వేర్ మీదే ‘బుల్లీ’ కూడా నడిచింది. ఎముకలు అవే. అక్కడ నేరం పెరిగేకొద్దీ నక్షత్రాలు వెలిగి పోలీసులు వస్తారు, ఇక్కడ అల్లరి కొలిచే మీటరు ఎర్రబడి ప్రిఫెక్టులు వస్తారు. అక్కడ కారు దొంగతనం, ఇక్కడ సైకిలు, స్కేట్‌బోర్డు. అక్కడ రహస్య స్థావరం, ఇక్కడ హాస్టలు మంచం. ముష్టియుద్ధం తీరు చూస్తే ఏడాది ముందు ఇదే సంస్థ నుంచి వచ్చిన ‘ది వారియర్స్’ గుర్తొస్తుంది. అయితే ఆ ఎముకల మీద వేరే మనసు పెట్టారు కెనడాలోని రాక్‌స్టార్ వాంకూవర్ వాళ్లు. ‘గ్రాండ్ తెఫ్ట్ ఆటో’లో దారినపోయే మనిషిని కొడితే అది ఆటలో భాగం. ‘బుల్లీ’లో ఆడపిల్ల మీదో, చిన్నపిల్లవాడి మీదో చెయ్యి చేసుకుంటే మీటరు ఒక్కసారిగా అంచుకు చేరుతుంది, తప్పించుకోవడం దాదాపు అసాధ్యం. నీతి పాఠం ఉపన్యాసంలో లేదు, ఆట నియమాల్లోనే ఉంది. దీన్ని తయారుచేసినవాళ్ల మీద నాకున్న గౌరవం దీనివల్లే.

అంతా మెచ్చుకోదగ్గదే అనను. వ్యాయామం మాస్టారు జిమ్మీని ఆడపిల్లల హాస్టల్లోకి లోదుస్తులు దొంగిలించడానికి పంపే ఘట్టం ఒకటి ఉంది. దాన్ని సమర్థించడం నా వల్ల కాదు. కానీ అదే కథలో తాగుడుకు బానిసైన ఇంగ్లిషు మాస్టారిని పరువు పోకుండా కాపాడేదీ జిమ్మీయే.

న్యాయమూర్తి సుమారు రెండు గంటలు చూశారు. 13వ తేదీ శుక్రవారం తీర్పు చెప్పారు. కొట్లాటలు చాలానే ఉన్నాయన్నారు, అయితే రోజూ రాత్రి టీవీలో చూసేదానికంటే తక్కువేనన్నారు. అమ్మకం ఆపడానికి కారణం కనబడలేదన్నారు. థాంప్సన్ మండిపడ్డాడు. కంపెనీ మనిషి ఆడి చూపించిన కాసేపు ఆటను చూసి తీర్పు ఎలా చెబుతారని నిలదీశాడు. ఆ అభ్యంతరంలో కొంత న్యాయం ఉంది. అయితే అసలు చూడకుండానే తీర్పు చెప్పినవాళ్ల వరసలో మొదటివాడు ఆయనే. నాలుగు రోజులకు, 17వ తేదీన, ‘టీన్’ రేటింగుతో ‘బుల్లీ’ అమెరికా దుకాణాలకు వచ్చింది.

బ్రిటన్‌లో దారి ఇంకా ఇరుకైంది. ఏడాది ముందు నుంచే ఎంపీ కీత్ వాజ్ దాని మీద ధ్వజమెత్తుతూ వచ్చారు. చివరికి పేరు మార్చి, బడి నినాదాన్నే పేరుగా పెట్టి ‘కానిస్ కానెమ్ ఎడిట్’ అని విడుదల చేశారు. అయినా కర్రీస్ దుకాణాలు అమ్మబోమన్నాయి. 2008లో కొత్త క్లాసులు చేర్చి ‘స్కాలర్‌షిప్ ఎడిషన్’ తెచ్చినప్పుడు పాత పేరు తిరిగొచ్చింది. అదే ఏడాది ఏప్రిల్‌లో బ్రెజిల్‌లో ఒక న్యాయమూర్తి దాన్ని నిషేధించారు. అదే ఏడాది సెప్టెంబరులో, వృత్తి నియమాలు ఉల్లంఘించినందుకు జాక్ థాంప్సన్ లాయరు పట్టాను ఫ్లోరిడా సుప్రీంకోర్టు శాశ్వతంగా రద్దు చేసింది. వీడియో గేమ్‌లకు కూడా వాక్ స్వాతంత్ర్య రక్షణ ఉంటుందని 2011లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది.

వాంకూవర్ స్టూడియో ‘మ్యాక్స్ పేన్ 3’ మీద పనిచేసి, అది వచ్చిన 2012లోనే మూతపడింది. ‘గ్రాండ్ తెఫ్ట్ ఆటో’ భాగం మీద భాగం పెరుగుతూ పోయింది, ‘బుల్లీ’కి రెండో భాగం రాలేదు. 2016 డిసెంబరులో ఫోన్లకు మాత్రం వచ్చింది. మీ ఇంట్లో పిల్లలు దాన్ని ఆడతామంటే పక్కన కూర్చోండి. కనీసం రస్సెల్ మాట ఇచ్చే దాకా చూడండి. ఆ తర్వాత ఆడనివ్వాలో వద్దో మీరే చెప్పండి.