సెజాన్, పాల్ (1839–1906)

ఫ్రెంచి చిత్రకారుడు. జన్మస్థలం దక్షిణ ఫ్రాన్సులోని ఎక్స్-ఆన్-ప్రోవాన్స్. బ్యాంకు యజమాని అయిన తండ్రి మాట మీద న్యాయశాస్త్రం చదివినా, 1861లో చిత్రలేఖనం కోసం పారిస్ చేరాడు. తోటి చిత్రకారుడు పిస్సారో సాంగత్యంలో ఆరుబయట బొమ్మలు వేయడం అలవడింది. ముదురు రంగులు తేలికపడ్డాయి.

నిశ్చల చిత్రాల్లో అతనికి సాటి అరుదు. పళ్ల కింద నాణేలు పెట్టి, కావలసినట్టు ఒరిగేదాకా ఓపిగ్గా సర్దేవాడు. చికాగో మ్యూజియంలో ఉన్న ‘ఆపిల్ పళ్ల బుట్ట’లో బల్ల అంచు గుడ్డకు అటూ ఇటూ ఒకే గీతలో కలవదు. అది పొరపాటు కాదు. ఒకే వస్తువును పలు కోణాల నుంచి చూసిన కన్ను.

మనుషులనూ అంతే నిదానంగా చూశాడు. భార్య ఒర్తాన్స్‌ను ఎన్నోసార్లు చిత్రించాడు. 1899లో తన రూపచిత్రం కోసం 115 సార్లు కూర్చున్నానని చిత్రాల వ్యాపారి వొలార్ రాసుకున్నాడు. అప్పటికీ అది పూర్తికాలేదు. చొక్కా ముందుభాగం మాత్రం ఫరవాలేదన్నాడట చిత్రకారుడు.

తన ఊరి దగ్గరి సెంత్-విక్ట్వార్ కొండను నూనెరంగుల్లో, నీటిరంగుల్లో పదులసార్లు వేశాడు. 1906 అక్టోబరులో ఆరుబయట పనిచేస్తూ గాలివానలో తడిసి, కొద్దిరోజులకే మరణించాడు. మరుసటి ఏడు పారిస్‌లో జరిగిన సంస్మరణ ప్రదర్శన క్యూబిజం అనే కొత్త చిత్రకళా ధోరణికి దారి వేసింది.