శిరస్త్రాణ చరిత్రము

ఉదయము తొమ్మిది గంటల వేళ ఢిల్లీ నగరమున ఏ కేంద్ర ప్రభుత్వ కార్యాలయము ముందు నిలిచి చూచినను స్కూటర్లు, మోటారు సైకిళ్లు బారులు తీరి కనబడును. దిగిన ప్రతివాడును తలపైనుండి హెల్మెట్టు తీసి, నలిగిన క్రాపు సవరించుకొని లోనికి నడచును. పోలీసువారి చలానునకు జడిసి ధరించువారు కొందరు, ఇల్లాలి మాట కాదనలేక ధరించువారు కొందరు. ఈ టోపీ మన తలలపైకి ఎట్లు వచ్చినదో తెలిసినవారు మాత్రము తక్కువ. ఆ కథకు మూలము ఒక ప్రసిద్ధ పురుషుని మరణము.

‘లారెన్స్ ఆఫ్ అరేబియా’ అను చలనచిత్రము 1962లో వెలువడినది. దానిని చూచిన మన పెద్దలకు అందలి తొలి దృశ్యము జ్ఞాపకముండును: ఒకడు మోటారు సైకిలుపై అతివేగముగా పోవుచు, అడ్డువచ్చిన సైకిళ్లను తప్పింపబోయి పడిపోవును. అది కల్పన కాదు. మొదటి ప్రపంచ యుద్ధకాలమున అరబ్బుల తిరుగుబాటులో పాల్గొని కీర్తి గడించిన టి. ఇ. లారెన్సు, ఆ కీర్తి పొడ గిట్టక, పేరు మార్చుకొని సామాన్య సైనికుడుగా చేరెను. ‘షా’ అను పేరుతోనే 1927 జనవరిలో కరాచీలోని వైమానిక స్థావరమునకు వచ్చి, మరుసటి యేడు వజీరిస్తానులోని మీరాన్‌షా కోటకు మారెను. హోమరు ‘ఒడిస్సీ’ని ఆంగ్లీకరించుట మొదలిడినది అచ్చటనే. అతడు గూఢచారియని వదంతులు పుట్టగా 1929 ఆరంభమున ఇంగ్లండునకు తిరిగి పంపివేసిరి.

అతనికి గల ఒకే ఒక వ్యసనము మోటారు సైకిలు. నాటింగ్‌హామ్ నగరమున జార్జి బ్రఫ్ నిర్మించు ‘బ్రఫ్ సుపీరియర్’ బండ్లను ఒకదాని వెనుక ఒకటిగా ఏడింటిని కొనెను, ఎనిమిదవది తయారగుచుండెను. తన బండికి బైబిలు నుండి ‘ఉరుము పుత్రులు’ అను అర్థము గల పేరు పెట్టుకొనెను. తన సైనిక జీవితమును వర్ణించిన ‘ది మింట్’ గ్రంథమున, లింకన్ దారిలో ఒక విమానముతో పందెము వేసి బండి నడిపిన ఉదంతమునకు ఒక ప్రకరణమే కేటాయించెను. మృత్యువు చెవి ప్రక్కగా పోవుచుండగా కలుగు ఆనందమును అంత నిజముగా వ్రాసినవారిని నేను చదువలేదు. అట్టి ఆనందము తప్పని చెప్పుటకు నాకు నోరు రాదు. కారణము ముందు చెప్పెదను.

1935 ఫిబ్రవరి చివర ఉద్యోగ విరమణ చేసి, డార్సెట్ సీమలో క్లౌడ్స్ హిల్ అను చిన్న కుటీరమున అతడు స్థిరపడెను. మే 13వ తేదీన సమీపమున గల బోవింగ్‌టన్ సైనిక శిబిరమునకు పోయి, తంతి పంపి తిరిగి వచ్చుచుండగా, దారిలో సైకిళ్లపై పోవుచున్న ఇద్దరు బాలురు కనబడిరి. వారిని తప్పించుటకు బండి త్రిప్పి పడెను. తలపై ఏ రక్షణయు లేదు. ఆరు దినములు స్మృతి లేక పడియుండి 19వ తేదీన కన్నుమూసెను. బాలురు బ్రదికిరి.

దీనిని ‘పడుచుదనపు దుడుకు’ అని కొట్టివేయుట సులభము. కాని అతనికి అప్పటికి 46 ఏండ్లు. ఆ వయస్సున మనలో పలువురము కుమార్తె వివాహమునకై ప్రావిడెంటు ఫండు లెక్కలు వేసుకొనుచుందుము. అతనికి భార్య లేదు, సంతానము లేదు. తన తల తనదేయని తలచెను కాబోలు. అయినను తుది క్షణమున అతని చేతులు పరుల పిల్లలను కాచుటకే బండిని త్రిప్పినవి.

ఆ ఆరు దినములలో అతనిని పరీక్షించిన వైద్యులలో హ్యూ కెయిర్న్స్ ఒకడు. 1896లో ఆస్ట్రేలియాలో పుట్టి, ఆక్స్‌ఫర్డులో చదివి, అమెరికాలో హార్వీ కుషింగ్ వద్ద మెదడు శస్త్రచికిత్స నేర్చిన వాడు. రోగిని బ్రదికింపలేకపోయెను. అంతటితో మరచిపోయినను అతనిని తప్పుపట్టువారు లేరు. రెండవ ప్రపంచ యుద్ధము వచ్చి, దీపములార్పిన చీకటి దారులలో సైనిక వార్తాహరులు మోటారు సైకిళ్లపై పరుగులిడి కూలుచుండగా, కెయిర్న్స్ లెక్కలు తీసెను. యుద్ధమునకు ముందటి 21 నెలలలో బ్రిటనులో మోటారు సైకిళ్లపై మరణించినవారు 1,884 మంది; యుద్ధారంభము నుండి 21 నెలలలో 2,279 మంది. తలకు తగిలిన దెబ్బయే ఈ చావులకు ముఖ్య కారణము. ప్రమాదమునకు గురియైనవారిలో హెల్మెట్టు ధరించినవారు అతనికి ఏడుగురే దొరకిరి; ఏడుగురును బ్రదికిరి. ఈ సంగతులు 1941లో బ్రిటిష్ మెడికల్ జర్నలులో ప్రకటితములైనవి. ఆ యేటి నవంబరులోనే సైన్యము తన చోదకులకు హెల్మెట్టు తప్పనిసరి చేసెను.

హెల్మెట్టు అప్పుడు కొత్తగా పుట్టినది కాదు. 1914లోనే ఐల్ ఆఫ్ మాన్ పందెములలో కాన్వాసుకు లక్క పట్టించిన టోపీ లేనిదే బండి ఎక్కనిచ్చెడివారు కారు. పందెగానికి తప్పనిసరియైనది పాలు తెచ్చుకొనుటకు పోవు గృహస్థునకు అక్కరలేదని లోకము భావించెను. సామాన్య ప్రజలకు బ్రిటనులో ఈ నిర్బంధము 1973 జూన్ 1న గాని రాలేదు. అది వ్యక్తి స్వేచ్ఛకు భంగమని ఎనోక్ పవెల్ వంటి పార్లమెంటు సభ్యులు ఎదిరించిరి. తలపాగా ధరించు సిక్కులకు 1976లో మినహాయింపు లభించెను. కెయిర్న్స్ ఇవేవియు చూడలేదు; 1952లోనే గతించెను.

మన దేశమున 1988 నాటి మోటారు వాహనముల చట్టము, 129వ సెక్షనున, నడుపువారికేగాక వెనుక కూర్చున్నవారికి కూడ శిరస్త్రాణము విధించినది; తలపాగా గల సిక్కులకు మినహాయింపు. ఢిల్లీ నియమములు మాత్రము స్త్రీలకు దానిని వారి ఇష్టమునకు విడిచినవి. 2014లో గాని ఆ సడలింపు తొలగలేదు. సిక్కు స్త్రీలకు నేటికిని కలదు.

ఇక నా మాట. మద్రాసున 1955లో నిర్మాణ మారంభమైన బుల్లెట్టు బండ్లలో ఒక పాతదానిని బ్రహ్మచారిగా నుండగా కొని, తలకు తువాలు చుట్టుకొని, తెల్లవారక ముందే ఆగ్రా దారి పట్టి ఎన్నిమారులు పోయి వచ్చితినో లెక్కలేదు. మథుర దాటిన పిమ్మట తిన్నని దారి, చలిగాలి, ఇరుప్రక్కల ఆవపూల పసుపు. అది తప్పని నేడు వ్రాసినచో అబద్ధమగును. వివాహమైన పిదప బుల్లెట్టు అమ్మి స్కూటరు కొంటిని. బాధ్యతలు తెలిసినవాడని మామగారు మెచ్చుకొనిరి. హెల్మెట్టు కూడ కొంటిని, ఒకటి.

ముందు పెద్దమ్మాయి నిలుచుండును. వెనుక మా ఆవిడ, ఒడిలో చిన్నది. గంటకు ముప్పది కిలోమీటర్లు మించనిచ్చెడివాడను కాను. రామకృష్ణపురము నుండి కరోల్‌బాగ్ వరకు నాలుగు తలలు పోవుచుండ, రక్షణ ఒక్కదానికే. అదియును సంపాదించు తలకు. ఆగ్రా దారిలో నేను పణము పెట్టినది నా ప్రాణము. ఇక్కడ పెట్టినది ఎవరిదో అప్పుడు నాకు తోచలేదు. చలాను వ్రాయు పోలీసునకు తోచలేదు, మెచ్చుకొనిన మామగారికిని తోచలేదు. లారెన్సు నడిపిన వేగములో మూడవ వంతైనను లేదు గనుక మాది జాగ్రత్తయే అనుకొంటిమి.

చట్టమునకు 2019లో జరిగిన సవరణమున నాలుగేండ్లు దాటిన ప్రతివారికి హెల్మెట్టు కావలెనని స్పష్టముగా వ్రాసిరి. మా చిన్నమ్మాయి పోయిన దసరాకు స్కూటరు కొనినది. వెంట రెండు హెల్మెట్లు తెచ్చినది, ఒకటి పెద్దది, ఒకటి మిక్కిలి చిన్నది. మా మనుమడు ఆ చిన్నదానిని భోజనము వేళ కూడ తీయనీయలేదు.