తప్పుడు అలంకారాల గది

ఇంటి అలంకరణలో ఫలానా పోకడ చౌకబారుదని, ఫలానాది కంటికి ఇంపుగా లేదని పెదవి విరిచే అలవాటు ఏ కాలంలోనైనా ఉన్నదే. అయితే ప్రభుత్వ సంస్థ ఒకటి తనకు నచ్చని వస్తువులను పనిగట్టుకుని సేకరించి, ఒక గదిలో అమర్చి, దేనిలో ఏ దోషముందో కేటలాగులో వివరించి ప్రజలకు చూపడం 1852లో లండన్‌లో జరిగింది. పాల్‌మాల్ వీధిలోని మార్ల్‌బరో హౌస్ అనే రాజభవనంలో ఆ సంవత్సరం వెలసిన అలంకరణ కళల మ్యూజియంలో, 'అలంకరణలో తప్పుడు సూత్రాలకు ఉదాహరణలు' అనే శీర్షిక కింద 87 వస్తువులు ప్రదర్శనకు వచ్చాయి. మేడమ్ టుస్సాడ్ మైనపు బొమ్మల శాలలో పేరుమోసిన హంతకుల ప్రతిమలుండే గదిని అప్పటికే 'భయానక మందిరం' అని పిలిచేవారు. జనం ఆ పేరునే దీనికీ తగిలించారు.

ఈ గది పుట్టుకకు మూలం యంత్రోత్పత్తిలో ఉంది. బ్రిటన్‌లో వాల్‌పేపర్‌పై 1712 నుంచి ఉన్న పన్ను 1836లో రద్దయింది. 1839లో లాంకషైర్‌లోని డార్వెన్ పట్టణానికి చెందిన పాటర్ కంపెనీ రంగులద్దే రోలర్ యంత్రానికి పేటెంటు పొందింది. అంతకుముందు చెక్క అచ్చులతో ఒక్కొక్కటిగా చేతితో అద్దిన కాగితం ఇప్పుడు యంత్రంపై చుట్టలు చుట్టలుగా తయారు కావడంతో, 1834లో పదిలక్షల చుట్టలకు కాస్త అటూ ఇటూగా ఉన్న ఉత్పత్తి 1860 నాటికి తొంభై లక్షలకు చేరువైంది. విద్యుత్తు సాయంతో చవక లోహంపై వెండి పూత పూసే పద్ధతి, కాగితపు గుజ్జును అచ్చుపోసి పళ్లాలు, కుర్చీలు చేసే పద్ధతి కూడా ఈ కాలంలోనే విస్తరించాయి. ఒకప్పుడు సంపన్నుల ఇళ్లకే పరిమితమైన పూలతీగల నగిషీ ఇలా గుమాస్తాల, చిన్న వర్తకుల ఇళ్లకు కూడా అందుబాటులోకి వచ్చింది.

1851లో హైడ్ పార్కులోని క్రిస్టల్ ప్యాలెస్‌లో జరిగిన మహా ప్రదర్శనను అరవై లక్షల మందికి పైగా సందర్శించారు. దాని నిర్వాహకులలో ముఖ్యుడైన హెన్రీ కోల్, చిత్రకారుడు రిచర్డ్ రెడ్‌గ్రేవ్, వాస్తుశిల్పులు ఓవెన్ జోన్స్, ఆగస్టస్ ప్యూజిన్ మాత్రం యంత్రబలంలో ముందున్న బ్రిటన్ అలంకరణలో వెనుకబడిందన్న అభిప్రాయానికి వచ్చారు. బోధనకు పనికివచ్చే వస్తువులను ఆ ప్రదర్శనలోనే కొనడానికి ప్రభుత్వం 5,000 పౌండ్లు మంజూరు చేయగా, ఈ నలుగురి సంఘం ఎంపిక చేసిన వాటిలో భారతీయ వస్త్రాలకు, లోహపు పనితనానికి పెద్ద వాటా దక్కింది. మార్ల్‌బరో హౌస్‌లో మెచ్చదగిన వస్తువులుగా ఇవి నిలవగా, వాటికి ఎదురు ఉదాహరణలుగా తప్పుడు అలంకారాల గది ఏర్పాటైంది.

ఆ గదిలో తీర్పుకు ఆధారమైన సూత్రాలు స్థూలంగా మూడు: అలంకారం వస్తువు ఉపయోగానికి లోబడి ఉండాలి, చదునైన తలంపై చదునైన నమూనాయే ఉండాలి తప్ప లోతు, నీడలు భ్రమింపజేయరాదు, ఒక పదార్థం మరో పదార్థంలా నటించరాదు. రైల్వే స్టేషన్ దృశ్యాన్ని అచ్చువేసిన ఒక వాల్‌పేపర్ రెండో సూత్రాన్ని ఉల్లంఘించింది. దూరం పోయేకొద్దీ రేఖలు ఒక బిందువు వద్ద కలిసేలా గీసిన దృశ్యం ఒక్కచోట నిలబడి చూసినప్పుడే నిజమనిపిస్తుంది; అదే స్టేషన్ గోడ పొడవునా పైనా కిందా పక్కపక్కనే పదేపదే కనిపిస్తే గోడ గోడలా ఉండదు, దృశ్యం దృశ్యంగానూ మిగలదు. పూరేకుల నడుమ నుంచి మంట వెలువడే గ్యాస్ దీపాన్ని, కొంగ ఆకారంలో చేసిన కత్తెరను కూడా దోషుల వరుసలోనే చేర్చారు.

ఈ విమర్శలో తర్కం లేకపోలేదు గాని, అది ఎవరికి నచ్చాలో వారికి నచ్చలేదు. తమ సరుకును బహిరంగంగా దుయ్యబట్టడంపై తయారీదారులు గట్టిగా అభ్యంతరం చెప్పగా, 1853లో ఆ గది మూతపడింది. అంతకుముందే, 1852 డిసెంబరులో, చార్లెస్ డికెన్స్ సంపాదకత్వంలోని 'హౌస్‌హోల్డ్ వర్డ్స్' పత్రికలో హెన్రీ మోర్లీ ఒక వ్యంగ్య రచన ప్రచురించాడు. అందులో క్రంపెట్ అనే గృహస్థుడు ఆ గదిని చూసి వచ్చాక తన ఇంటి గోడలూ తివాచీలూ అన్నీ నేరాలుగానే కనిపించి మనశ్శాంతి కోల్పోతాడు. మిత్రుడి ఇంట టీ తాగబోతూ కప్పులో చిత్రించిన సీతాకోకచిలుకను చూసి హడలిపోతాడు. 1854లో డికెన్స్ స్వయంగా 'హార్డ్ టైమ్స్' నవలలో, గోడకు గుర్రాల బొమ్మలు, తివాచీకి పూలు ఉండరాదని బడిపిల్లలను గద్దించే అధికారిని సృష్టించాడు. ఆ పాత్రకు మూలం హెన్రీ కోల్ అని విమర్శకులు భావిస్తారు.

సూత్రకర్తలు ఆదర్శంగా చూపిన భారతీయ వస్తువుల కథ తెలుగు నేలకూ చెందినది. వరంగల్ తివాచీలు 1851 ప్రదర్శనలో కనిపించాయి. నీడలు లేని చదునైన నమూనాలకు భారతీయ వస్త్రాలను మించినవి లేవన్న ధోరణిలో ఓవెన్ జోన్స్ 1856లో తన 'గ్రామర్ ఆఫ్ ఆర్నమెంట్' గ్రంథంలో వాటిని ప్రశంసించాడు. కాని 1880లో భారతీయ చేతిపనులపై గ్రంథం వెలువరించిన జార్జ్ బర్డ్‌వుడ్, ఒకప్పుడు దేశంలో మేలైనవాటిలో లెక్కకు వచ్చిన మచిలీపట్నం తివాచీలు ఇంగ్లండ్ గిరాకీ వల్లనే చెడిపోయాయని, దిగుమతిదారులు నేతగాళ్లకు చవక ముడిసరుకు అంటగట్టారని రాశాడు. లండన్ మ్యూజియం మెచ్చుకున్న పనితనాన్ని లండన్ మార్కెట్టే దిగజార్చింది.

అందువల్ల ఆ గది వైఫల్యం సూత్రాలలో కన్నా వాటిని ప్రయోగించిన తీరులో ఉంది. చదునైన నమూనా అనే భావం 1860ల నుంచి విలియం మోరిస్ వాల్‌పేపర్లలో పూలను వదలకుండానే నిలదొక్కుకుంది. నిషేధం సాధించలేనిది మెరుగైన నమూనా సాధించింది. ధరను, కూలిని, వ్యాపారి ఒత్తిడిని పక్కనబెట్టి కొనుగోలుదారు అభిరుచిని మాత్రమే నిందించిన తీర్పు అటు సరుకునూ మార్చలేదు, ఇటు ఇంటినీ మార్చలేదు. మార్ల్‌బరో హౌస్ మ్యూజియం 1857లో సౌత్ కెన్సింగ్టన్‌కు తరలి, 1899లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంగా పేరు మార్చుకుంది. నాడు తప్పుపట్టిన రకం వాల్‌పేపర్లు, దీపాలు నేడు అక్కడ చరిత్ర సాక్ష్యాలుగా భద్రంగా ఉన్నాయి.