యుద్ధం వేసిన రన్‌వే

బెంగళూరు పారిశ్రామికవాడ పీణ్యలో ఏ సందులోకి తిరిగినా లేత్ చప్పుడే. అనంతపురం, చిత్తూరు జిల్లాల నుంచి వచ్చిన మన కుర్రాళ్లు ఎందరో ఇక్కడి షెడ్లలో జాబ్‌వర్క్ చేస్తుంటారు. పీణ్యలో తయారయ్యే ముక్కల్లో కొన్ని ఊరికి ఆ చివరనున్న హెచ్‌ఏఎల్ విమానాల కార్ఖానాకు వెళ్తాయి. దాని పక్కనున్న పాత విమానాశ్రయంలో ఒకప్పుడు విమానం ఎక్కినవాళ్లకు కూడా అది రెండో ప్రపంచ యుద్ధం కోసం పుట్టిందని పెద్దగా తెలియదు.

విశాఖలో ఓడల కార్ఖానా పెట్టిన వాల్‌చంద్ హీరాచందే 1940 డిసెంబరులో ఆ చోట హిందుస్తాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కంపెనీ పెట్టారు; అదే నేటి హెచ్‌ఏఎల్. మైసూరు దివాను మీర్జా ఇస్మాయిల్ భూమి ఇప్పించారు, సంస్థానం పెట్టుబడిలో చేరింది. అమెరికా నుంచి విడిభాగాలు తెప్పించి 1941లో బిగించిన మొదటి విమానం హార్లో. అది బాంబులు వేసేది కాదు, ఎగరడం నేర్పే శిక్షణ విమానం. పైలట్లు లేనిదే యుద్ధం ఎలా సాగుతుంది? మన హైదరాబాదు బేగంపేటలోనూ ఆ రోజుల్లో వైమానిక శిక్షణ పాఠశాల నడిచింది.

ఇంతలో జపాను ముంచుకొచ్చింది. 1942 ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద బాంబులు పడ్డాయి. కొత్త విమానాలు కడుతూ కూర్చునే తీరిక లేదు, దెబ్బతిన్నవాటిని బాగుచేసి పంపడమే ముఖ్యమైంది. కంపెనీని ప్రభుత్వం తన చేతిలోకి తీసుకుంది. 1943లో అమెరికా వైమానిక దళం వచ్చి దాన్ని పెద్ద మరమ్మతు డిపోగా మార్చింది. కెటలీనా అనే సముద్ర విమానాలు బెళ్ళందూరు చెరువులో దిగేవి. ఈమధ్య ఏళ్లలో నురగలు కక్కిన ఆ చెరువులో నీళ్లు చిమ్ముకుంటూ విమానం వాలడం ఊహించుకుంటేనే మనసు చివుక్కుమంటుంది.

యుద్ధం ముగిశాక మిగిలిపోయిన డకోటా రవాణా విమానాలను ఇక్కడే ప్రయాణికులకు పనికొచ్చేలా మార్చారు. 1946లో హైదరాబాదు డెక్కన్ ఎయిర్‌వేస్ విమానాలు ఇక్కడికి రావడం మొదలైంది. పని కరువైన ఆ రోజుల్లో కార్ఖానా రైలు పెట్టెలు కూడా చేసింది. కానీ విమానాన్ని వదల్లేదు. వి.ఎం. ఘాటగే రూపొందించిన హెచ్‌టీ-2 శిక్షణ విమానం 1951లో ఎగిరింది. మనవాళ్లు సొంతంగా గీసి, కట్టి, ఎగరేసిన ఆ బండి మీద తరతరాల పైలట్లు ఎగరడం నేర్చుకున్నారు. నా లెక్కలో ఆ మైదానం సాధించిన అసలు ఘనత అదే.

ప్రయాణికుల విమానాశ్రయంగా దాని కథ మాత్రం ఇరుకు కథ. సాఫ్ట్‌వేర్ రోజులు వచ్చాయి, 2003లో ఎయిర్ డెక్కన్ చవక టికెట్లు తెచ్చింది, జనం కిక్కిరిశారు. 2008 మే 23 అర్ధరాత్రి తర్వాత రాకపోకలన్నీ దేవనహళ్ళిలోని కొత్త విమానాశ్రయానికి మారాయి. హైదరాబాదులో బేగంపేట విమానాశ్రయం అంతకు రెండు నెలల ముందే ప్రయాణికులకు మూతపడింది. దేవనహళ్ళి విమానాశ్రయానికి 150 కిలోమీటర్ల లోపు పోటీ పెట్టకూడదన్న ఒప్పందం పాతికేళ్లు, అంటే 2033 దాకా అమల్లో ఉంటుంది.

2008 నుంచి పాతదాన్ని ప్రయాణికులకు మళ్లీ తెరవాలనే మాట వినిపిస్తూనే ఉంది. దేవనహళ్ళి దూరం అనుభవించినవాళ్లు అలా అడగడం న్యాయమే. అయినా నేను ఒప్పుకోను. 2016లో హెచ్‌టీటీ-40 అనే కొత్త శిక్షణ విమానం తొలిసారి లేచింది ఆ రన్‌వే మీదే, తేజస్ యుద్ధ విమానం లేచిందీ దాని మీదే. కట్టిన విమానాన్ని పరీక్షించడానికి వాకిట్లోనే రన్‌వే ఉండాలి. టాక్సీ ఖర్చు తగ్గించుకోవడానికి దాన్ని వదులుకుంటే, అంచుల్లో గరుకు తీసి, వెర్నియర్ పెట్టి కొలిచి, గీత పడితే పక్కన పడేసే పీణ్య కుర్రాడి పని కూడా తగ్గుతుంది.