మునిగిన నౌక, మిగిలిన పుస్తకములు

యుద్ధకాలమున జలాంతర్గామి మునిగిపోవుట వింత కాదు. ద్వితీయ ప్రపంచ సంగ్రామములో జర్మనీ అట్టి నౌకలను ఏడు వందలకు పైగా కోల్పోయెను. కాని వానిలో "యూ-559" కథ వేరు.

67 మీటర్ల పొడవు గల ఈ నౌక హాంబర్గులో నిర్మింపబడి 1941 ఫిబ్రవరిలో నౌకాదళమున చేరెను. హాన్స్ హైట్‌మన్ దాని అధిపతి. ఆ యేటి శరత్తులో అది మధ్యధరా సముద్రమున ప్రవేశించెను. నవంబరు 27న "పర్రమట్టా" అను ఆస్ట్రేలియా యుద్ధనౌకను టార్పెడోతో ముంచివేసెను. అందు 138 మంది మరణించిరి.

1942 అక్టోబరు 30న పోర్టు సయ్యదునకు ఉత్తరమున ఒక బ్రిటిషు విమానము దాని జాడ కనిపెట్టెను. యుద్ధనౌకలు దానిని చుట్టుముట్టి, నీటి లోతున పేలు బాంబులను గంటల తరబడి విడిచినవి. దెబ్బతిన్న నౌక రాత్రివేళ పైకి తేలెను. అందలి నావికులు దానిని విడిచిపోయిరి. "పెటార్డ్" అను నౌకకు చెందిన లెఫ్టినెంటు ఆంథొనీ ఫాసన్, నావికుడు కాలిన్ గ్రేజియర్ ఆ మునుగుచున్న నౌకలోనికి దిగిరి. క్యాంటీనులో పనిచేయు 16 ఏండ్ల టామీ బ్రౌన్ వారికి తోడయ్యెను. లోపలివారు అందించిన పుస్తకములను అతడు పైకి చేర్చుచుండగా నౌక హఠాత్తుగా క్రుంగెను. బ్రౌన్ బ్రతికెను, తక్కిన ఇద్దరును దానితోనే మునిగిపోయిరి.

ఆ పుస్తకముల విలువ యేమి? 1942 ఫిబ్రవరిలో అట్లాంటికు జలాంతర్గాముల "ఎనిగ్మా" సంకేతయంత్రమునకు నాల్గవ చక్రము చేర్చబడెను. నాటినుండి బ్లెచ్లీ పార్కులోని గణితజ్ఞులకు ఆ వార్తలు దాదాపు అంతుపట్టలేదు. దొరికిన పుస్తకములలో ఒకటి, వాతావరణ నివేదికలను కొద్ది అక్షరములకు కుదించు పట్టిక. ఆ నివేదికలనే జర్మను తీరకేంద్రములు వేరొక సంకేతమున తిరిగి ప్రసారము చేయుచుండెను. ఆ సంకేతమును బ్రిటిషువారు చదువగలిగియుండిరి. కనుక అసలు విషయము వారికి ముందే తెలియును. పట్టికవలన దాని కుదింపు రూపమును తెలిసెను. యంత్రమునుండి వెలువడిన అక్షరములతో దీనిని పోల్చి చక్రముల అమరికను వెదకవచ్చును. పైగా ఈ నివేదికలు పంపునపుడు నాల్గవ చక్రమును ఒకే స్థానమున నిలిపి, పాత మూడు చక్రముల యంత్రమువలెనే వాడుచుండిరి. ఈ లోపమే దారి చూపెను. డిసెంబరు 13న ఆ రహస్యము విడివడెను.

ఫాసన్, గ్రేజియర్‌లకు మరణానంతరము జార్జి క్రాసు, బ్రౌనుకు జార్జి పతకము లభించెను. కాని సంకేతభేదన విషయము 1970 దశకము వరకు గోప్యముగనే ఉండెను. యంత్రము బలమైనదే, గాలివానల కబురు పంపిన పద్ధతిలో అజాగ్రత్త ఉండెను. తామందించిన పుస్తకములు ఏ తలుపు తెరచినవో ఆ ఇద్దరు మాత్రమెరుగరు.