చాయ్ పొంగక ముందే ఒలికిన పొద్దు

2024 డిసెంబర్ 4, బుధవారం. ఖిలా వరంగల్‌లో, కోట లోపలి ఓ ఇరుకు సందు. పొద్దున ఏడు గంటల ఇరవై ఏడు నిమిషాలు. మీరు పొయ్యి మీద చాయ్ పెట్టారు. పిల్లలింకా దుప్పట్లోనే ఉన్నారు.

ముందు సజ్జ మీది స్టీలు గిన్నెలు గలగలమంటాయి. పిల్లి దూరిందనుకుంటారు. తలెత్తితే, స్విచ్ వేయని ఫ్యాన్ ఊగుతోంది. పొంగు రాకముందే చాయ్ గిన్నె అంచు దాటి ఒలికింది. ‘అమ్మా, మంచం ఊగుతాంది!’ అంతలోనే సందులోంచి కేక: ‘బయటికి ఉరుకుండ్రి!’

ఆగండి. బయట ఉన్నది ఎదురింటి పాత రాతిగోడ, పిట్టగోడ మీద పూలకుండీలు, నెత్తి మీద కరెంటు తీగలు. 2001 జనవరి 26న వచ్చిన భూకంపంలో గుజరాత్‌లోని అంజార్‌లో రిపబ్లిక్ డే ఊరేగింపుగా వెళ్తున్న బడిపిల్లలు ఇలాంటి సందులోనే, రెండు వైపులా ఇళ్లు కూలి, వందకు పైగా చనిపోయారు. మీది పిల్లర్లు వేసి కట్టిన స్లాబు ఇల్లయితే పిల్లల్ని మంచం మీదే ఉంచి తలల మీద దిండ్లు పెట్టండి. మీరు గట్టి బల్ల కింద దూరి దాని కాలు పట్టుకోండి. బీరువాకు, కిటికీ అద్దాలకు దూరంగా ఉండండి. పాత మట్టిమిద్దె అయి, గడప పక్కనే ఖాళీ జాగా ఉంటే మాత్రం బయటికి రావడమే మేలు.

కొన్ని సెకన్లే. ఆగింది. గ్యాస్ కట్టేసి, చెప్పులేసుకుని, పిల్లలతో మైదానం వైపు నడవండి. కోటలో ఖాళీ జాగాకు కరువు లేదు. రాతి కీర్తి తోరణాల కింద మాత్రం నిలబడొద్దు, మళ్లీ కదలొచ్చు.

టీవీలో చెబుతున్నారు: భూకంప కేంద్రం ములుగు జిల్లా, తీవ్రత 5.3. గోదావరి లోయ అడుగున పాత పగుళ్లున్నాయి. 1969లో భద్రాచలం దగ్గరా భూమి ఇలాగే కంపించింది. భూకంపాలను తట్టుకుంటాయంటూ కాకతీయుల గుళ్ల కింది ఇసుక పునాదుల గురించి గొప్పలు చెప్పుకుంటాం కానీ, మన ఇంటి పునాదిలో ఏముందో మేస్త్రీని అడగం. 1993లో మహారాష్ట్రలోని కిల్లారి భూకంపంలో వేల మందిని చంపింది మట్టితో పేర్చిన బరువైన రాతిగోడలే.

తొమ్మిదింటికి బడి. ‘భూమి ఊగినప్పుడు ఏం చేసిండ్రు?’ అని సార్ అడిగితే, క్లాసంతా ఒకే మాట: ‘ఉరికినం సార్!’ ఆయన నవ్వలేదు. బెంచీల కింద దూరి, ఒక చేత్తో తల కప్పుకుని, ఇంకో చేత్తో బెంచీ కాలు పట్టుకోమన్నాడు. తర్వాత మెట్ల మీద తోసుకోకుండా వరుసగా దించి, గోడలకు దూరంగా నిలబెట్టి, హాజరు పిలిచాడు.

మీ పిల్లల బడిలో ఈ సాధన ఎప్పుడు చేయించారో రేపు గేటు దగ్గరే అడగండి. ఇంట్లోవాళ్లు విడిపోతే ఏ మైదానంలో కలవాలో, అత్యవసర నంబరు 112కు ఎవరు ఫోన్ చేయాలో ఈ రాత్రి అన్నాల దగ్గర తేల్చుకోండి. సజ్జ మీది బరువు సామాను కిందికి దించండి.