ఎండుటాకు తూకం



ఇల్లు అంటుకున్నాక బావి తవ్వినట్టు అని మన పెద్దలు అంటూ ఉంటారు. అడవి విషయంలో మనిషి చాలాకాలం చేసింది అదే. మంట లేచాక పరుగెత్తేవాడు. ఆ మంట ఏ రోజున లేవవచ్చో ముందుగా లెక్క కట్టడం ఎలా నేర్చుకున్నాడో ఈవేళ చెప్పుకుందాం.

1910వ సంవత్సరం. అమెరికాలోని ఇడాహో, మోంటానా రాష్ట్రాలు. ఆ యేడు వేసవిలో వానలు మొహం చాటేశాయి. ఆగస్టు 20, 21 తేదీల్లో పెనుగాలి లేచి, అక్కడక్కడ రగులుతున్న మంటలను ఏకం చేసింది. రెండు రోజుల్లో సుమారు 30 లక్షల ఎకరాలు కాలిపోయాయి. 80 మందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువమంది మంట ఆర్పడానికి వెళ్ళినవారే.

హ్యారీ గిస్బోర్న్ అనే పరిశోధకుడు 1922లో ఆ ప్రాంతానికే వచ్చాడు. ఇడాహోలోని ప్రీస్ట్ రివర్ పరిశోధనా కేంద్రంలో పనిచేశాడు. ఎండనూ గాలినీ గమనిస్తూనే ఆయన నేలను కూడా చూశాడు. చెట్ల కింద రాలిన ఆకులు, వాటి అడుగున సగం మగ్గిన పొర. నిప్పురవ్వ పడేది అక్కడే కదా! ఆ పొరలో తేమ ఉంటే రవ్వ ఆరిపోతుంది. లేకపోతే అంటుకుంటుంది.

మరి ఆ తేమను కొలవడం ఎలా? గుప్పెడు ఆకుచెత్తను తూచి, బాగా ఎండబెట్టి, మళ్ళీ తూచాలి. 120 గ్రాములది 100 గ్రాములైతే తేమ 20 శాతం. మన ఏడో తరగతి పిల్లలు చేసే లెక్కే. కాని ఎండబెట్టడానికి గంటలు పడుతుంది. ఈలోగా అడవి మారిపోతుంది.

అందుకని కలప పరిశోధనశాల తోడ్పాటుతో ఒక పరికరం తయారైంది. దాని ప్రాణం పేము ముక్క. పేము తేమ పీల్చితే సాగుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. ఆకుపొరలో దాన్ని గుచ్చితే పైనున్న ముల్లు తేమ ఎంతో చూపేది. మన బడుల్లో బెత్తమై పిల్లల్ని భయపెట్టిన పేము, అక్కడ అడవికి కాపలా కాసింది!

తరువాత ఇంకా తేలిక మార్గం వచ్చింది. పూర్తిగా ఎండినప్పుడు సరిగ్గా 100 గ్రాములు తూగే పైన్ పుల్లల కట్టను ఆరుబయట ఉంచి తూచేవారు. 107 తూగితే తేమ 7 శాతం. మామూలు కాపలాదారు కూడా ప్రమాదాన్ని చదవగలిగాడు.

అయితే కొలత తెలిసినంత మాత్రాన అగ్ని లొంగదు. 1949 ఆగస్టు 5న మోంటానాలోని మాన్ గల్చ్ లోయలో మంట 13 మందిని బలిగొంది. అది ఎలా పరుగెత్తిందో చూడాలని గిస్బోర్న్ గుండె జబ్బుతోనే ఆ కొండ ఎక్కాడు. నవంబరు 9న, తిరుగుదారిలో, అక్కడే కన్నుమూశాడు.

దూరదేశపు కథ అనుకోకండి. 2018 మార్చి 11న తమిళనాడు తేని జిల్లా కురంగణి కొండల్లో కార్చిచ్చు 20 మందికి పైగా ప్రాణాలు తీసింది. కొండ ఎక్కి దిగుతున్నవాళ్ళు చుట్టూ ఎండుగడ్డి మధ్య చిక్కుకుపోయారు. మన తెలుగు కుటుంబాలు తరతరాలుగా బతుకుతున్న జిల్లా అది.

ఫాల్గుణ చైత్రాల్లో అడవిదారిన వెళ్ళేటప్పుడు ఒక ఆకు చేతిలోకి తీసుకుని నలపండి. మెత్తగా వంగిందా, పొడిపొడిగా రాలిందా? పొద్దున వంగిన ఆకే మధ్యాహ్నానికి పొడి కావచ్చు, మరిచిపోకండి. పొడి అయిన రోజున బీడీ, అగ్గిపెట్టె ఇంట్లోనే వదిలి వెళ్ళండి.

సెలవు.